బోరు కెమెరా తెర మీద ఆకాశం

ఎండిపోయాయనుకున్న బోర్లలోకి కెమెరా దించి, లోపల ఏముందో చూసి చెప్పడం నా పని. దించే ముందు మూడు పరీక్షలు చేస్తాను: వైరు, దీపం, తెర. తెర నలుపును నలుపుగా చూపిస్తోందో లేదో తెలియాలంటే బాగా చీకటి ఉన్న బొమ్మ కావాలి. అందుకని అంతరిక్ష టెలిస్కోపు తీసిన ఒక ఫోటో పెట్టుకున్నాను. నల్లటి లోతులో వేల గెలాక్సీలు.

దాన్ని చూసి రైతులు అన్నవన్నీ నా పని పుస్తకం చివరి పేజీలో రాసుకునేవాణ్ణి. నల్లగుడ్డ మీద చక్కెర. పగిలిన గాజులు. ఒకాయన చెప్పులు విడిచి దండం పెట్టాడు. ఒకామె, "ఆపెయ్యప్పా, పాడుబాయిలోకి తొంగి చూసినట్టుండాది" అంది. నాకైతే మొదటిసారి చూసినప్పుడు కోపం వచ్చింది. కాలేజీలో దాన్ని చూపించిన లెక్చరర్, మనమెంత అల్పులమో చూడండి అన్నాడు. అంత దూరం చూసే అద్దాన్ని చేసింది ఆ అల్పులే కదా!

మొన్న వేసవిలో శింగనమల వైపు ఒక చీనీ తోటకు, అంటే బత్తాయి తోటకు, వెళ్లాను. ఆ తోట ఒకామెది. భర్త బెంగళూరులో గోడలు కట్టే బేల్దారి పనిలో ఉంటే, ఒక్కతే చూసుకుంటోంది. బోరు ఆగిపోయి పన్నెండు రోజులైంది. చెట్లకు ఆకు ముడుచుకుపోయింది. కెమెరా కోసం మోటరు పైకి తీసి గట్టున పెట్టారు. ఆమె మరిది అప్పుడే ట్రాక్టరు తెచ్చి పక్కన నిలిపాడు. నీళ్లు లేవని తేలితే మోటరును తన బోరుకు తీసుకుపోతాడట.

ట్రాక్టరు నీడలోనే తెర వెలిగించాను. ఆమె వంగి చూసింది.

"ఇది ఎవురి బోరప్పా? ఇన్ని ఊటలు మెరుస్తాండాయి!"

"బోరు కాదక్కా, ఆకాశం. ఒక్కో మెరుపులో కోట్ల నక్షత్రాలుంటాయి."

మరిది నవ్వాడు. "చూస్తివా వదినా? అంత పెద్దదాంట్లో మనమెంత, నీ బోరెంత! ఇంగ ఆశ ఇడ్చిపెట్టు."

ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు. "అంత పెద్దదాంట్లో నేను చిన్నదాన్నయితే, నువ్వు యాడ పెద్దోనివయితివి? ట్రాక్టరు ఎక్కినందుకా?" అని, నాతో, "దించప్పా. అడుగు దాకా దించు" అంది.

అంతకుముందు మోటరు వేలాడిన చోటు 520 అడుగులు. అక్కడ పొడి రాయి.

"దుమ్మే. తీసేయి తమ్ముడూ" అన్నాడు మరిది.

"తియ్యొద్దు" అంది ఆమె.

540. 560. 574 దగ్గర దీపం వెలుగు కదులుతూ తిరిగి మా కళ్లలోకే కొట్టింది. నీళ్లు. 638 దగ్గర కెమెరా అడుగు తాకింది.

"ఆ రవ్వన్ని నీళ్లు ఎన్నాళ్లొస్తాయప్పా? ఎండిపోయిందని రాసెయ్యి. నీదేం పోతాది?" అన్నాడు మరిది.

నేను చూసిందే రాసి, ఇద్దరికీ చదివి వినిపించాను: నీటిమట్టం 574, అడుగు 638, మోటరు ఇంకో నాలుగు పైపులు, అంటే ఎనభై అడుగులు, దించాలి. ఎన్నాళ్లు వస్తాయో తెలియదని కూడా చెప్పాను.

"నాకూ తెల్దు" అంది ఆమె. మరిది వైపు తిరిగి, "పైపులు మీ ఇంట్లో ఉండాయి కదా. ట్రాక్టరు ఉత్తదే యాడికి పోతాది? నాలుగు ఏసుకోని రాపో."

అతను గట్టున చతికిలబడ్డాడు. ఆమె కొంగు మడిచి పరచుకుని మోటరు మీదే కూర్చుంది. ఆ ఎండలో ఎవరు ముందు లేస్తారా అని నేను వైరు చుట్టుకుంటూ చూశాను. అతనే లేచి ట్రాక్టరు ఎక్కాడు. పైపులు వచ్చేదాకా ఆమె ఆ మోటరు మీంచి దిగలేదు.