విమానానికి పగ్గం

మా పెళ్ళి చెడగొట్టడానికే ఎక్కడో సముద్రాల అవతల ఒక మనిషి విమానం ఎత్తుకుపోయాడు. నేనిలా అంటే మా ఆయన నవ్వుతాడు. ఆ మనిషికి మనం ఎవరో కూడా తెలియదు గదా అంటాడు. తెలియకపోతే మాత్రం ఆ వారమే ఎత్తుకుపోవాలా? మా తాంబూలాలు అయ్యాక తీరిగ్గా ఎత్తుకుపోతే నేను వద్దన్నానా?

దేవనహళ్ళి పక్కన కొత్త విమానాశ్రయం తెరిచిన కొత్తలు అవి. మాది కన్నడ రాష్ట్రంలోని తెలుగు పల్లె, బాగేపల్లి తాలూకా గూళూరు. వాన పడితే చెనక్కాయ, పడకపోతే బోరు వైపు చూస్తూ కూర్చోవడం. నేను బాగేపల్లిలో డిగ్రీ ముగించి ఇంట్లో ఉన్నాను. ఆడపిల్ల ఖాళీగా ఉంటే ఊరికి నిద్ర పట్టదు కాబట్టి సంబంధాలు వస్తూ పోతూ ఉన్నాయి. చింతామణి నుంచి వచ్చిన సంబంధంలో పిల్లవాడు విమానాశ్రయంలో పని చేస్తాడని చెప్పారు. ఆ మాట మా వీధి ఈ చివర నుంచి ఆ చివరకు పోయేసరికి అతను పైలట్ అయిపోయాడు.

మా ఇళ్ళలో మొదటి చూపులు ఇంట్లో పెట్టరు, కైవారం గుడిలో పెడతారు. రెండు కుటుంబాలూ దేవుడి దర్శనానికి వచ్చినట్టు వస్తాయి, అనుకోకుండా కలిసినట్టు కలుస్తాయి. కుదరకపోతే ఎవరి పరువూ పోదు, దేవుణ్ణి చూసుకుని వచ్చామంటే సరిపోతుంది. మేమూ అలాగే పోయాం. పెద్దవాళ్ళు ప్రసాదం తినే వంకతో పక్కకు జరిగారు. చెప్పులు విడిచే చోట అతనూ నేనూ మిగిలాం.

"మీరు ఇమానం నడుపుతారంట గదా?" అన్నాను.

"లేదు. యెనక్కి పంపిస్తాను" అన్నాడు.

ఎగతాళి చేస్తున్నాడేమో అనుకుని ముఖం చూశాను. నిజంగానే చెబుతున్నాడు.

"ఇమానం ముందుకు పోతాది గానీ, నిలబెట్టిన చోట నుంచి తనంతట తాను యెనక్కి రాదు. టగ్గని ఒక బండి ఉండాది. దాన్ని ముందు చక్రానికి తగిలించి యెనక్కి తోస్తారు. నేను చెవులకి మిషన్ పెట్టుకొని, పైలట్‌తో మాట్లాడతా పక్కన నడుస్తాను. దోవలో పెట్టి వదిలేస్తే ఆడ నుంచి వాళ్ళ పని."

"అంతేనా?"

"అంతే."

అంతకు ముందు వచ్చిన వాళ్ళంతా లేనిది కలిపి చెప్పిన వాళ్ళే. ఊళ్ళో అందరూ పైలట్ అంటుంటే, అవునని ఊరుకున్నా చెల్లిపోయే చోట, ఇతను మాత్రం "అంతే" అన్నాడు. ఆ ఒక్క మాటకే నేను పడిపోయాను. ఇంటికి వచ్చేదాకా బస్సు కిటికీ వైపు తిరిగి నవ్వుకుంటూనే ఉన్నాను. అమ్మ చూసి కూడా చూడనట్టు కూర్చుంది.

అంతా కుదిరినట్టే అనుకుంటుండగా ఆ వార్త వచ్చింది.

మా తాతకు టీవీ అంటే ప్రాణం. శబ్దం పెంచి, వీధికంతా వినిపించేటట్టు చూసేవాడు. ఏదో దేశంలో విమాన కంపెనీలో పని చేసేవాడు ఒకడు, పైలట్ కాదు, నేల మీద విమానాల బాగోగులు చూసేవాడు, జనం ఎక్కే పెద్ద విమానాన్ని ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కి తనే నడుపుకుని ఎగిరిపోయాడట. చానెల్ వాళ్ళు ఒకే విమానం బొమ్మ పెట్టి, దాని చుట్టూ ఎర్రటి సున్నా గీసి, పొద్దస్తమానం అదే తిప్పారు. విమానం తిరిగి దొరికిందో లేదో చెప్పే వేళకు సబ్బు ప్రకటన వచ్చేది.

తాత టీవీ ఆపి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఆయన అలా చేశాడంటే ఏదో తీర్పు రాబోతుందని లెక్క.

"ఈ పిల్లోడూ ఆ పనోడే గదా?" అన్నాడు.

"అదీ ఇదీ ఒకటి కాదు తాతా" అన్నాను.

"ఏమిటికి కాదు? పైలట్ యెత్తుకపోలేదు. టికెట్ కొన్నోడు యెత్తుకపోలేదు. దగ్గిరుండి చూసుకొనేటోడే యెత్తుకపాయె. ఇంటి దొంగని ఈశ్వరుడు గూడా పట్టల్యాడు."

తాత బాధ నాకు తెలియనిది కాదు. ఆయన వయసులో ఉన్నప్పుడు మా ఇంట్లో మంచి జత ఎద్దులు ఉండేవట. వాటిని కన్నబిడ్డల్లా చూసిన సేద్యగాడే ఒకనాడు తోలుకుపోయాడట. అప్పటి నుంచి మా ఇంట్లో ఏ మాట వచ్చినా తిరిగి తిరిగి అక్కడికే చేరుతుంది.

"మేపినోడే తోలకపోయేది" అన్నాడు తాత. "బిడ్డని ఇచ్చేటప్పుడు చూసుకోవల్ల."

"నేనేమన్నా ఎద్దునా?" అని అరిచాను. పొయ్యి దగ్గర అమ్మకు నవ్వాగలేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఈ సంబంధం పోతే ఇక కైవారానికి రానని, పెళ్ళే వద్దని మనసులో ఒట్టు పెట్టుకున్నాను.

ఊరు ఊరుకుంటుందా? కందకు లేని దురద కత్తిపీటకు. అంగడికి ఉప్పుకు పోతే అంగడాయన, "ఏమ్మా, మీ ఆయప్ప ఇమానం యాడ దింపుతాడంట? మా చేన్లో అయితే చెనక్కాయ పీకినాక రమ్మను" అన్నాడు. పక్కనున్న ముసలమ్మ, మిట్టేమరిలో ఉన్న తన కూతురి ఇంటికి దాన్లో పోవచ్చా, చోటుంటుందా అని నిజంగానే అడిగింది. కోపంతో వచ్చినదాన్ని ఆమె ముఖం చూసి నవ్వేశాను. చోటుంటుందవ్వా, కిటికీ పక్కనే కూర్చోబెడతానని మాటిచ్చాను.

మా తాతకు ఒక పద్ధతి ఉంది. పిల్లవాడు పనిచేసే చోటు కళ్ళారా చూడకుండా పిల్లను ఇవ్వడు. ఇల్లూ పొలమూ చూస్తే ఏం తెలుస్తుంది, పనిలో ఉన్నప్పుడు చూడాలి అంటాడు. మా పెద్దనాన్న పెద్ద కూతురి సంబంధం వచ్చినప్పుడు చింతామణిలో ఆ పిల్లవాడి బట్టలంగడి ఎదురుగా అరుగు మీద పొద్దంతా కూర్చున్నాడు. రెండో అల్లుడు కండక్టరు. అతని బస్సులో బాగేపల్లి నుంచి చిక్కబళ్ళాపురానికి పోయి, ఏ పనీ లేకుండా అదే బస్సులో తిరిగి వచ్చాడు. ముసలమ్మలు దిగేదాకా విజిల్ వేయకుండా ఆగాడని ఆ సంబంధం ఖాయం చేశాడు.

కాబట్టి అమ్మ ఆ మాటే పట్టుకుంది. "మామా, అందరినీ చూస్తిరి గదా. ఈ పిల్లోణ్ణి గూడా పనిలో చూసి చెప్పండి" అంది. తాత కాదనలేకపోయాడు. లోపలికి ఎవరినీ రానివ్వరని, ప్రహరీ బయట ఒక మట్టిదారిలో మిట్ట ఉందని, అక్కడ నిలబడితే కనిపిస్తుందని చింతామణి నుంచి కబురొచ్చింది. తను పసుపుపచ్చ కోటులో ఉంటానని కూడా పిల్లవాడు చెప్పించాడు. పెళ్ళికూతురు పోకూడదని తాత అన్నాడు. పెళ్ళే లేదంటివి, ఇంక పెళ్ళికూతురు యాడ నుంచి వచ్చె అని నేను ముందే పోయి బాడుగ వ్యాన్‌లో కూర్చున్నాను.

తాతా, అమ్మా, నేనూ బయలుదేరాం. చిక్కబళ్ళాపురం దాటాక రోడ్డు పక్కన ద్రాక్ష కొన్నాం. తాత ఒక్క పండు కూడా ముట్టలేదు. ముందు ఈ సంగతి తేలనీ, తర్వాత తింటా అన్నాడు.

ఆ మిట్ట మీద తిరునాళ్ళలా ఉంది. మాలాగే విమానాలు చూడడానికి వచ్చిన సంసారాలు, బొరుగులమ్మే మనిషి, ఐస్‌బండి. మా నెత్తి మీదుగా ఒక విమానం దిగింది. తాత రెండు చెవులూ మూసుకుని, "ఓయబ్బో, ఓయబ్బో" అంటూ దాని వెంట నాలుగడుగులు నడిచాడు. తను దొంగను పరీక్షించడానికి వచ్చానని కాసేపు మరిచిపోయాడనుకుంటాను. నాకు ఆ ముఖం చూస్తే ముద్దొచ్చింది.

అంతలో కంచె లోపల ఒక చిన్న బండి పెద్ద విమానాన్ని తగిలించుకుని, మనుషులెవరూ ఎక్కకుండానే దూరంగా లాక్కుపోవడం కనిపించింది. తాత ఉలిక్కిపడ్డాడు.

"చూస్తిరా? చూస్తిరా? తోలకపోతాండారు!"

అటుగా వస్తున్న కాపలాదారుడికి చెయ్యూపి, వచ్చిన కన్నడమంతా కూడగట్టుకుని, "స్వామీ, కళ్ళతన! కళ్ళతన!" అని దొంగతనం జరుగుతోందని కేక పెట్టాడు. బొరుగులాయన పొట్లం కట్టడం ఆపేశాడు. కాపలాదారుడు మమ్మల్ని కంచెకు దూరంగా జరపడానికి వచ్చినవాడే, సంగతి విని నవ్వాపుకోలేక కళ్ళు తుడుచుకున్నాడు. దాన్ని రిపేరు షెడ్డుకు లాక్కుపోతున్నారని, రోజూ ఉండేదేనని తాతకు కన్నడంలో నిదానంగా చెప్పాడు. తాత తల ఊపాడు గానీ, ఆ విమానం షెడ్డులో దూరేదాకా దాని మీద నుంచి చూపు తీయలేదు. నేను సిగ్గుతో అమ్మ వెనక దాక్కున్నాను. అయిపోయింది, ఈ సంబంధం ఇక్కడితో సరి అనుకున్నాను.

అప్పుడే ఇంకో విమానం కదిలింది. ఇది జనంతో నిండినది. ముందు టగ్గు, పక్కన పసుపుపచ్చ కోటులో ఒక మనిషి నడుస్తున్నాడు. అక్కడున్న అందరికీ అదే రంగు కోటు. ముఖాలు ఆనవు. అయినా నేను నడక చూసి గుర్తుపట్టి, "అదో!" అన్నాను. అమ్మ నా వైపు ఒక చూపు చూసింది. కైవారంలో ఒక్కసారి చూసిన మనిషి నడక నీకెట్లా తెలుసునే అని ఆ చూపు అర్థం.

విమానం వెనక్కి వెనక్కి పోయి, పక్కకు తిరిగి నిలబడింది. టగ్గు విడిపోయి దూరంగా జరిగింది. అతను ముందు చక్రం దగ్గరికి పోయి వంగి ఏదో లాగాడు. తర్వాత పక్కకు నడిచి వచ్చి, పైలట్ వైపు తిరిగి నిలబడి చెయ్యి పైకెత్తాడు. ఆ చేతిలో ఎర్రటి రిబ్బను లాంటిది గాలికి ఊగుతోంది.

తాత నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"పగ్గం! పాపా, పగ్గం విప్పి చూపిస్తాండాడు!"

మా వైపు సంతలో ఎద్దును అమ్మినా పగ్గం అమ్మరు. అమ్మినవాడు పగ్గం విప్పి, పైకెత్తి నలుగురికీ చూపించి, తన భుజాన వేసుకుంటాడు. కొన్నవాడు తను తెచ్చిన కొత్త పగ్గం కట్టుకుంటాడు. పాతది చూపించడమంటే, ఇది నా చేతుల మీదుగా, నా ఇష్టంతో పోతోంది, దీని మీద నాకింక హక్కు లేదు అని చెప్పడం. తాత అమ్మిన చివరి జత పగ్గం అప్పటికీ మా వసారాలో మేకుకు వేలాడుతూ ఉండేది.

"దొంగ పగ్గంతోనే తోలకపోతాడు" అన్నాడు తాత. "విప్పి చూపించి వదిలేటోడు దొంగ యెట్లయితాడు?"

విమానం ముందుకు కదిలింది. అతను చెయ్యి అలాగే ఎత్తి, అది మలుపు తిరిగేదాకా నిలబడి, అప్పుడు వెనక్కి తిరిగాడు. "చూపు దాటేదాకా నిలబడినాడు" అని తాత తనలో తను అనుకున్నాడు. తర్వాత వ్యాన్ దగ్గరికి పోయి ద్రాక్షగుత్తి తీసి తినడం మొదలుపెట్టాడు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. నిజంగానే వేశాను కూడా, కాపలాదారుడి ముందరే.

ఆ ఎర్ర రిబ్బను సంగతి తర్వాత మా ఆయన చెప్పాడు. ముందు చక్రానికి పెట్టే ఒక పిన్ను అది. విమానాన్ని తోసేటప్పుడు ఉండాలి, వదిలేటప్పుడు తీసేయాలి. తీశామని పైకెత్తి చూపిస్తేనే పైలట్ కదులుతాడట. తాతకు అదంతా వివరించబోతే, "మాకు తెలుసులేప్పా" అని కొట్టిపారేశాడు.

పెళ్ళి మా ఊళ్ళోనే జరిగింది. నన్ను పంపించే వేళకు పూలు కట్టిన కారు మా వీధిలో ఇరుక్కుంది. ముందు పందిరి, అటు ఇటు ఎడ్లబండ్లు, వెనక్కి తప్ప దారి లేదు. డ్రైవరు చెమటలు కక్కుతుంటే మా ఆయన పెళ్ళి పంచెతోనే దిగాడు. నా కిటికీ పక్కన నడుస్తూ, "రానీ, రానీ, నిలుపు" అంటూ వీధి మొన దాకా కారును వెనక్కి నడిపించాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది. మిట్టేమరి పోవాల్సిన ముసలమ్మ తనకూ చోటుందా అని మళ్ళీ అడిగింది.

మా ఆయన ఎక్కి తలుపు వేసుకున్నాడు. డ్రైవరు గేరు వేయబోతుండగా తాత వచ్చి కారు ముందు చక్రం దగ్గర వంగాడు. తువ్వాలు పడిందేమో అనుకున్నాం. లేచి, మెల్లగా పక్కకు నడిచి, మా వైపు తిరిగి నిలబడ్డాడు. చెయ్యి పైకెత్తాడు. వసారాలో మేకుకు ఉండే పాత పగ్గం ఆ చేతిలో ఉంది. దాని కొనకు నేను బడికి పోయేటప్పుడు జడకు కట్టుకున్న ఎర్ర రిబ్బను ముడి వేసి ఉంది.

నేనేమన్నా ఎద్దునా అని ఆ రోజు అడగలేదు. ఏడవనని అందరితో పందెం కట్టినదాన్ని, ఏడ్చాను. ఏడుస్తూనే నవ్వాను. తాత మీద నాకు ఎంత ప్రేమో అప్పుడే తెలిసింది.

డ్రైవరుకు ఏమీ అర్థం కాక, ముసలాయన ఆపుతున్నాడేమోనని అలాగే ఉండిపోయాడు. మా ఆయన అతని భుజం తట్టి, "చూపించినాడు గదప్పా, ఇంగ పో" అన్నాడు.

కారు కదిలింది. మలుపు తిరిగేదాకా నేను వెనక అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. తాత చెయ్యి దించలేదు.