ఫ్రాన్స్ రాజు ఎడమ చెవి

దయ్యాలు, ఆత్మలు అంటే నవ్వేవాణ్ణి. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పను. కానీ శామీర్‌పేట దారిలోని ఆ ఫంక్షన్ హాల్లో జరిగినదాని తర్వాత నవ్వడం మానేశాను.

నేను సుచిత్ర చౌరస్తాలో బొమ్మలు వేస్తాను. పోయినవాళ్ల ఫొటోలు చూసి పెద్ద పటాలు గీయడమే ఎక్కువ. హాలు ఓనరు గుమ్మం పక్కన పెట్టడానికి ఒక రాజు బొమ్మ అడిగాడు. వెయ్యేళ్ల కిందటి ఫ్రాన్స్ రాజు, హ్యూ కాపెట్. కొత్త రాజవంశాన్నే నిలబెట్టాడట.

"మా ఇంట్ల నేను గంతే," అన్నాడు ఓనరు.

ఫోన్‌లో ఆ రాజు బొమ్మలు చాలా చూశాను. ఒకదానిలో గడ్డం ఉంది, ఇంకోదానిలో లేదు. ఒకచోట ముసలివాడు, మరోచోట కుర్రవాడు. అన్నీ ఆయన పోయాక ఎప్పుడో ఊహించి వేసినవే. ఆయన్ను ఎదురుగా చూసి వేసింది ఒక్కటీ దొరకలేదు. అందుకే కిరీటం, నీలం అంగీ వాటిలోంచి తీసుకుని, ముఖం మాత్రం నాకు తోచినట్టు వేశాను.

ఓనరు బొమ్మ చూసి అందరి ముందూ, "గిదేం రాజు, బర్లు కాసెటోని లెక్కున్నడు," అన్నాడు. కింద పేరు రాయబోతే బ్రష్ లాక్కున్నాడు. "నీ పేరెవడు సదువుతడు?"

ఆ మాట నేను మరచిపోలేదు. పేరు రాయనిచ్చేదాకా వదలనని రోజూ వెళ్లి కూర్చునేవాణ్ణి.

హాలు తెరిచిన ఉదయం కూడా వెళ్లాను. పూలు కట్టేవాళ్లు ఆ బొమ్మను ఓనరు ఇంట్లో పోయిన పెద్దాయన అనుకుని, బొట్టు పెట్టి దండ వేసేశారు. మన దగ్గర గుమ్మం పక్కన అంత పటం ఉంటే ఇంకెవరనుకుంటారు? ఓనరు నా మీదే మండిపడ్డాడు. దండ తీయిస్తుండగా మేడ్చల్ నుంచి వాళ్ల మేనత్త వచ్చింది. ఎనభై దాటిన మనిషి. బొమ్మ ముందు ఆగిపోయింది.

"తియ్యకుండ్రి. మా నాయినకు జర మొక్కనియ్యుండ్రి."

"అత్తా, గాయన ఫ్రాన్స్ రాజే."

"ఏ రాజైతేంది? మా నాయిన చెవి నాకెరుక లేదా? ఎద్దు పగ్గానికి పోగు సిక్కి చెవి తెగింది. బర్లు కాసి కాసి నీకు గీ భూములు జేసిండురా."

బొమ్మలో రాజు ఎడమ చెవి తమ్మె రెండుగా చీలి ఉంది. వేసింది నేనే. ఎందుకలా వేశానో తెలియదు. ఫోన్‌లోని బొమ్మలన్నీ మళ్లీ చూశాను. ఒక్కదానిలోనూ అలా లేదు.

ఆమె చిన్నప్పుడే ఆ తండ్రి పోయాడు. ఒక్క ఫొటో కూడా లేదు. ఓనరు ఆ తాతను చూడనేలేదు. నేను ఆ పెద్దాయన గురించి వినడం అదే మొదటిసారి.

ఓనరు దండ అలాగే ఉంచమన్నాడు. తర్వాత బ్రష్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇగ రాసుకో నీ పేరు."

అన్న మాటకు తప్పైందని మాత్రం ఈరోజుకీ అనలేదు.

ఇన్నాళ్లూ నేను కొట్లాడింది ఆ పేరు కోసమే. బొమ్మ కింద కూర్చున్నాను. బ్రష్ మీద రంగు ఎండిపోయింది. ఆ ముఖం వేసింది నేనేనని ఆమె ఎదుట రాయలేకపోయాను. ఇప్పుడు ఎవరైనా ఒట్టేసి చెప్పమన్నా, అది నేనే వేశానని చెప్పలేను.