లిఫ్టు తాత

"లిఫ్టు మధ్యలో ఆగిపోతే?" నొప్పులు పడుతున్న భార్య పక్కన నిలబడి, ఫిజిక్స్ చదివిన భర్త వాచీ మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు. "ఇరవై ఏళ్లుగా ఆగనిది, నీ మొహం చూసి ఆగుతుందా బాబూ?" అన్నాడు ఆసుపత్రి లిఫ్టు నడిపే తాత. ఆయన ఎప్పుడూ తలుపును భుజంతో ఆపి, గర్భిణి లోపలికొచ్చాక మర్యాదగా గోడవైపు తిరుగుతాడు. దారి పొడుగునా అంతస్తులు బిగ్గరగా లెక్కపెడతాడు. "మూడు... ఇంకొక్కటే తల్లీ!" ఆమె మూలిగింది. "ఈ నొప్పి నలభై రెండు సెకన్లు," అన్నాడు భర్త వాచీ చూస్తూ. తాత వెనక్కి చూడకుండానే చెయ్యి చాచాడు. "ఆ వాచీ ఇటియ్యి. నువ్వు అమ్మాయి చెయ్యి పట్టుకో."

మూడో రోజు పాపతో కిందికి దిగుతుంటే, తాత జేబులోంచి వాచీ తీసిచ్చాడు. "పాపను ఎత్తుకునేటప్పుడు మాత్రం పెట్టుకోకు నాయనా, గీసుకుంటుంది." ఇప్పుడు పాప ఏడుపు వినపడగానే ఆ తండ్రి ముందుగా వాచీ తీసి బల్లమీద పెడతాడు. ఎంతసేపు ఏడ్చిందని భార్య అడిగితే చెప్పలేడు.