పులుసులో కరిగిన గీతలు

సముద్రం ఒడ్డున మా ల్యాబు, దాని వెనకే క్యాంటీన్. మధ్యాహ్నం అక్కడ చేపల పులుసు తెర్లుతుంటే, ఆ చింతపండు వాసనకు నాకు ఆకలి కంటే ముందు నవ్వొస్తుంది. రెడ్డెప్ప సార్ గుర్తొస్తారు.

తొంభైల్లో మదనపల్లెలో డిగ్రీ చదివేటప్పుడు సార్ మాకు జువాలజీ చెప్పేవారు. సొంతూరు కుప్పం. మద్రాసు రైల్లో అక్కడికి ఐసు పెట్టెల్లో సముద్రపు చేపలు వచ్చేవి. సార్ ఆదివారం ఊరికెళ్లి, క్యారియర్ నిండా చేప తలకాయలతో బస్సెక్కేవారు. ఒకసారి ఆ వాసనకు తాళలేక కండక్టరు ఆయన్ను పుంగనూరులో దించేశాడు. తర్వాతి బస్సులో వచ్చి, అదేదో ఘనకార్యమైనట్టు క్లాసులో చెప్పుకుని మురిసిపోయారు.

చేప తలలో చెవి దగ్గర చిన్న తెల్లరాయి ఉంటుంది. దాన్ని అరగదీసి మైక్రోస్కోపు కింద పెడితే, చేప పుట్టినప్పటి నుంచి రోజుకొకటి చొప్పున పడ్డ గీతలు కనిపిస్తాయి.

"నడిమధ్య గీతలు ఎడంగా ఉండాయంటే, పుట్టిన కొత్తలో బిరబిరా పెరిగిందని," అన్నారు సార్. "సముద్రంలో చేపపిల్లను మింగని నోరు లేదు. తొందరగా పెరిగిందే బతికేది."

అందరూ రాసుకున్నారు. నాకు మాత్రం కలుక్కుమంది. మాది కురబలకోట దగ్గర గొర్రెలు మేపే ఇల్లు. తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లీషులో పడి, మొదటి ఏడాది పరీక్ష తప్పాను. మళ్లీ రాయాలా, చదువు మాని మంద వెంట పోవాలా అని ఊగిసలాడుతున్నాను. ఆ మాట విన్నాక మానేద్దామనే అనుకున్నాను.

ఆ వారమే రాళ్లు తీయడానికి సార్ మమ్మల్ని ఇంటికి పిలిచారు. తలకాయలు ఉడకబెట్టి ఉంచమని భార్య సుశీలమ్మగారికి చెప్పారట. చేపను వట్టి నీళ్లలో ఉడకబెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. చింతపండు పిసికి, కారం దట్టించి, ముందురోజే పులుసు పెట్టేశారు! బాగా ఊరిందని మురిపెంగా వడ్డించారు. సంగటితో లొట్టలేసుకుంటూ తిని, రాళ్లు ఏరి పళ్లెం అంచున పెట్టుకున్నాం. మర్నాడు ల్యాబులో చూస్తే ఏముంది, పులుపు రాళ్లను తినేసింది. ఒక్క గీతా మిగల్లేదు. సార్ కళ్లనీళ్లు తిరిగేలా నవ్వారు.

గిన్నెలో పట్టక పక్కన పెట్టిన పెద్ద తలకాయ ఒకటే మిగిలింది. దాని రాయిని నేనే అరగదీశాను. చూద్దును కదా, నడుమ గీతలు ఇరుకిరుగ్గా ఉన్నాయి.

"సార్, ఇది మొదట్లో పెరగనే లేదు. మరి ఇంత చేప యెట్లయింది?"

ఆయన వచ్చి మైక్రోస్కోపులో కన్ను పెట్టారు. "ఆ పొద్దు నేను ఒక మాట తక్కువ సెప్పినానమ్మా. పెరగనివి శానా మటుకు పోతాయి. అన్నీ పోవు." కన్ను తీయకుండానే అడిగారు. "పరీక్షకు పేరు ఇచ్చినావా?"

లేదన్నాను. ఆ రోజే ఆఖరు. ఆఫీసు మూసేలోగా పొమ్మని నన్ను తరిమినంత పని చేశారు.

ఇప్పుడు నా ఉద్యోగమే ఆ రాళ్లు చదవడం. పెద్దయిన చేపల్లో ఎక్కువ వాటికి నడుమ గీతలు ఎడంగానే ఉంటాయి, సార్ చెప్పింది నిజమే. ఎప్పుడో ఒకటి ఇరుకు గీతలతో దొరుకుతుంది. దాన్ని భద్రంగా దాచి, మా దగ్గర చదువుకునే పిల్లల్లో పరీక్ష తప్పి మొహం వేలాడేసుకున్నవాళ్లకు చూపిస్తాను. వాళ్లు ఇంకా చూస్తుండగానే అడుగుతాను, పరీక్షకు పేరు ఇచ్చారా అని.