నలభై రోజుల పురుడు

1964 చలికాలంలో, నారాయణపేట అంచున గొర్రెలు కాసుకునే గుర్వమ్మ ఇంట్లో పురుడు నలభై రోజులు సాగింది. ఆ వాడలో అంతవరకు ఎవరి పురుడూ పదకొండు రోజులు దాటలేదు. తప్పు గుర్వమ్మది కాదు, కరెంటు ఆఫీసుది.

ఆమె మనుమడు ఏడో నెలలోనే పుట్టాడు. వెచ్చగా ఉంచకపోతే దక్కడన్నాడు దవాఖాన డాక్టరు. కుంపటి పెడితే పొగకు ఊపిరాడక నల్లబడ్డాడు. చివరికి గంపలో గొంగడి పరిచి వాణ్ణి పడుకోబెట్టి, పైన బల్బు వేలాడదీశారు.

ఆరో రోజున లైన్‌మన్ పర్వతాలు వచ్చాడు. మీటరు గుర్వమ్మ పెనిమిటి భీమయ్య పేరు మీద ఉంది. ఆయన పోయి ఏడాది. చనిపోయినవాడికి కరెంటెందుకు, ఫ్యూజు తీసుకురమ్మంది ఆఫీసు.

"ఫ్యూజు పురిటి అర్రల ఉంది బిడ్డా. మైల. వస్తవా మరి?" అంది గుర్వమ్మ.

స్తంభాలెక్కి తీగలు పట్టే మనిషి గడప దగ్గరే ఆగిపోయాడు.

గుర్వమ్మ ఆఫీసుకు పోయి, కిటికీ బయట నిలబడి మొత్తుకుంది. రోగి ఉన్న ఇంటికి వెసులుబాటు ఇస్తారట. రోగి పేరు చెప్పమన్నాడు గుమాస్తా.

"పురుడు కాలే సారూ. పేరెట్ల పెడ్తం?"

"పేరు లేనోనికి కాగితం ఎట్ల రాస్తం?"

పేరు పెట్టాలంటే పురుడు చేయాలి. పురుడు చేస్తే మైల పోతుంది, పర్వతాలు లోపలికొస్తాడు. అందుకని గుర్వమ్మ పురుడే చేయలేదు.

వారం వారం పర్వతాలు వాకిట్లో నిలబడి అడిగేవాడు. "పురుడైందా అవ్వా?"

"ఇంక కాలే బిడ్డా."

అతను అదే రాసుకొని వెళ్లేవాడు. నలుగురు పిల్లల తండ్రికి పురుడెన్నాళ్లో తెలియదా? తెలిసీ నిలదీయని ఆ మనిషికి ఇప్పటికీ దండం పెట్టాలి.

నలభయ్యో రోజు పొద్దున పర్వతాలు పరుగున వచ్చాడు. "పెద్దసారు వస్తాండు అవ్వా. స్తంభం మీదనే తీగ కోయిస్తడట." గంటలో పురుడు ముగించి బిడ్డకు పేరు పెట్టేశారు. కోడలే వాడి చెవిలో చెప్పింది.

సారు వచ్చి గంపలోకి తొంగి చూశాడు. వాడింకా పిడికెడే ఉన్నాడు.

"రోగి పేరు?"

పెళ్లయిన నాటి నుంచి గుర్వమ్మ ఒక్కసారి కూడా పలకని పేరది. ఆఫీసులో సైతం "మా ఇంటాయన" అనే చెప్పుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తీసేసింది.

"భీమయ్య," అంది.

సారు రిజిస్టరు తిప్పాడు. మీటరు భీమయ్యది, రోగి భీమయ్య. ఆఫీసుకు ఇంతకంటే ఏం కావాలి? 'మృతుడు' అన్న మాట కొట్టేసి, 'జీవించియున్నాడు' అని రాసి సంతకం పెట్టాడు.

వాళ్లు వెళ్లిపోయాక గుర్వమ్మ ఆ బల్బు కింద కూర్చొని, ఏడాదిగా రాని ఏడుపంతా ఏడ్చింది. ఏడుస్తూనే ఆ పేరుతో మనుమణ్ణి మళ్లీ మళ్లీ పిలిచింది.