దేవునికి తిరిగివ్వని గుమ్మడికాయ

కొందరు ఏటి వరదలో మునుగుతారు, కొందరు అప్పుల్లో మునుగుతారు. నేను గుమ్మడికాయలో మునిగాను. అదైనా దొంగిలించింది కాదు, నలుగురి ముందు రొక్కమిచ్చి కొన్నది. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నవాడి సంగతి మీరు వినే ఉంటారు. కొన్న కాయకు భుజాలు తడుముకున్నవాణ్ణి చూడాలంటే మాత్రం నా దగ్గరికే రావాలి.

అప్పుడు నేను ఓవర్సీరు పరీక్ష కొత్తగా ప్యాసై, వికారాబాద్‌లో రోడ్ల పనికి కుదిరాను. కొత్త ఓవర్సీరు కొత్త చెప్పులాంటివాడు. ముందు కిర్రుమనే చప్పుడు వినిపిస్తుంది, తర్వాత తొడుక్కున్న కాలినే కరుస్తుంది. ప్రతి శనివారం సాయంత్రం బండెక్కి తాండూరు వెళ్లేవాణ్ణి. కారణాలు వరుసగా: ఒకటి, మా అమ్మ. రెండు, ఆదివారం చర్చి. మూడు, సుగుణ. వరుస తలకిందులైందని మీకు అనుమానం రావచ్చు. మా చదువులో అసలు కొలతను చివరనే రాస్తారు.

సుగుణ మా బడి యోహాను పంతులుగారి కూతురు. వాళ్లమ్మకు, మా చర్చిలోని చాలామంది ఆడవాళ్లలాగే, ఒక అలవాటు ఉంది. వండబోయే ముందు పిడికెడు బియ్యం తీసి దేవుని కుండలో వేస్తుంది. ఆ బియ్యం ఆదివారం చర్చికి చేరుతుంది. ఒకసారి సుగుణ ఆ కుండ మోసుకొస్తుంటే ఎదురై, మాట్లాడటానికి మరేమీ దొరక్క, నా సాంకేతిక అభిప్రాయం చెప్పాను.

"పిడికెడు అంటే ఎవరి పిడికెడు? మీ అమ్మగారిదా, నీదా? ఒక డబ్బా పెట్టుకుంటే కొలత ఖాయంగా ఉంటుంది గదా."

ఆమె కుండ దించి నన్ను ఎగాదిగా చూసింది.

"కరువు దినం పిడికిలి చిన్నగైతది, సంబురం దినం పెద్దగైతది. దేవునికి గది ఎర్కనే. నీ డబ్బాకు ఎర్కుంటదా?"

సమాధానం కోసం బండిలో వికారాబాద్ దాకా ఆలోచించాను. కానీ ఆమె ఆ మాట అంటూ కొంగుతో నుదురు తుడుచుకున్న తీరు మాత్రం వారమంతా వెంట వచ్చింది. రోడ్డు మీద కంకర కొలుస్తూ ఒకటికి రెండుసార్లు తప్పు రాశాను.

ఇక కోతపండుగ సంగతి. ఆ రోజు ఎవరి పంట వాళ్లు చర్చికి తెస్తారు: కందులు, జొన్నలు, కోడి, గుడ్లు, సొరకాయ. ఆరాధన కాగానే వాటికి హర్రాజు, అంటే వేలంపాట. పాడుకున్నవాడు డబ్బిచ్చి, "మల్ల దేవునికే" అని వస్తువును తిరిగిచ్చేస్తాడు. మళ్లీ పాట. ఒక కోడిపెట్ట అలా నాలుగైదుసార్లు అమ్ముడుపోయి, చివరికి తనెవరి కోడో తనే మరిచిపోతుంది. ఎవరింటి కానుక ఎన్నిసార్లు తిరిగితే ఆ ఇంటికి అంత మర్యాద. పైకి ఎవరూ అనని మాట ఇంకొకటుంది. ఒక ఇంటి ఆడపిల్ల తెచ్చిన వస్తువుకు ఒక అబ్బాయి ప్రతి పాటలోనూ చెయ్యి లేపుతూనే ఉంటే, పెద్దలకు వేరే రాయబారం అక్కర్లేదు. సాయంత్రం ఆ పిల్ల తండ్రి అతణ్ణి చాయకు పిలుస్తాడు. ఆ చాయలో చక్కెర ఎంతైనా ఉండనీ, దానర్థం ఒకటే.

పండుగ ముందువారం సుగుణ చర్చి మెట్ల దగ్గర ఆగి, ఎటో చూస్తూ అంది. "ఈసారి మా పెరట్ల కాసిన గుమ్మడికాయ తెస్తున్నం. మా నాయిన గూడ సూస్తనన్నడు."

"ఏం చూస్తారు?"

"గుమ్మడికాయనే!" అని నవ్వి వెళ్లిపోయింది.

అర్థమైంది. నేను మొద్దునే గాని, అంత మొద్దును కాదు. ఆ చాయ కోసం ఆ వారమంతా దప్పికతోనే ఉన్నాను.

ఏర్పాట్లు పక్కాగా చేశాను. జీతం రాగానే చర్చికి చెల్లించే పదోవంతు, అంటే పదకొండు రూపాయలు, ఒక కవరులో పెట్టి పైజేబులో ఉంచాను. అది దేవుని పద్దు. మిగతా తొమ్మిది వంతులు లోపలి జేబులో. అది నా పద్దు. రెండింటి మధ్య చొక్కా గుడ్డ తప్ప మరేదీ లేకపోయినా, నాకు అదే చైనా గోడ.

పండుగనాటి ఉదయం పాస్టరు అయ్యగారి ప్రసంగం కూడా కానుకల మీదే. "పదోవంతు గడప, బిడ్డలారా, ఇల్లు కాదు. గడప మీదనే కూసుంటే ఇంట్లకెప్పుడొస్తరు?" అన్నారు. ఎంత బాగా చెప్పారని తల ఊపాను. గడప మీద కూర్చునే ఊపాను.

హర్రాజు పాడించేది సామేలన్న, నాపరాళ్ల గనిలో మేస్త్రి. సుత్తి మోతల మధ్య మాట్లాడి మాట్లాడి ఆయన గొంతు పెరిగిపోయింది. గుమ్మడికాయను బుట్టలోంచి తీసి, పసిపిల్లను చూపించినట్టు అటూ ఇటూ తిప్పాడు.

"పంతులు సారింటి కాయ! మస్తుగున్నది! ఎవలు పాడ్తరు?"

"రూపాయి!" అన్నాను.

"రెండు!" ఎవరా అని తిరిగి చూస్తే, బషీరాబాద్ నుంచి పండుగకు వచ్చిన కంపౌండరు ఆనందం. తలకు నూనె, ముఖాన నవ్వు. రెండూ అవసరానికి మించే ఉన్నాయి.

మూడు, నాలుగు, ఆరు, తొమ్మిది. ఆడవాళ్ల వైపు చాప మీద సుగుణ తల వంచుకుని ఉంది గాని, చెవులు వంచుకోలేదు. పంతులుగారు కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకున్నారు.

"పదకొండు!" అన్నాను. కంపౌండరు నవ్వి ఊరుకున్నాడు. ఓడిపోయాడనుకున్నాను. నిజానికి ఆయన రెండో పాటకు ఊపిరి దాచుకుంటున్నాడు.

"ఒక్కటోసారి... రెండోసారి... మూడోసారి! ఓవర్సీరు సారుదే!" కవరు అందుకుని, సామేలన్న అలవాటుగా కాయను మళ్లీ పైకెత్తాడు. "మల్ల దేవునికేనా?"

ఇప్పుడు నా బుర్రలో జరిగింది వినండి. కాయ తిరిగిస్తే మళ్లీ పాట. పైజేబు ఖాళీ. లోపలి జేబు వేరే పద్దు. కాయ కంపౌండరు చేతికి పోతుంది. సుగుణ ఇంటి కాయ ఇంకొకడి ఒళ్లో కూర్చోవడం నేను చూడలేను.

"లేదు," అన్నాను. "నేను తీసుకుపోతాను."

"గట్లెట్ల సారూ?" సామేలన్న గొంతు మొదటిసారి మామూలు మనిషి గొంతులా వినిపించింది.

"లెక్క అయిపోయింది గదా."

"ఎవలతోని?"

"దేవునితో."

వెనక నుంచి ఒక ముసలమ్మ అందుకుంది. "ఓ యవ్వో! నాకు డెబ్బై ఏండ్లొచ్చినా దేవునితోని లెక్క ఒడువలే. గీ పోరనికి ఒక్క గుమ్మడికాయతోనే ఒడిసెనంట!"

నవ్వులు. అక్కడితో ఆగినా బతికేవాణ్ణి. కానీ నా చదువు ఆగనివ్వలేదు. "రశీదు ఉంటే ఇప్పించండి," అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. పంతులుగారు లేచి నిలబడ్డారు. ఆ ఇంటి కానుక ఒక్క పాటతోనే ఆగిపోవడం ఆ చర్చిలో ఎవరూ ఎరగరు. "ఇంకేమన్న ఉంటే పాడించుండ్రి సామేలూ," అన్నారు చిన్నగా.

అప్పుడు కంపౌండరు లేచాడు. "కాయ పోతే పాయె అన్నా, బుట్ట ఉన్నది గద! పంతులు సారింటి బుట్ట. పాట షురూ చెయ్యి!"

వట్టి బుట్ట! కొనబోతే కొరివి అంటారు. నాకు కొన్నాక అయింది కొరివి. ఆ బుట్టను ఆయన పాడాడు, దేవునికిచ్చాడు, మళ్లీ పాడాడు, మళ్లీ ఇచ్చాడు. గని కూలీలు పాడారు, ముసలమ్మ కూడా అర్ధరూపాయి పాడింది. పంతులుగారి ముఖంలోకి రంగు తిరిగి వచ్చింది. చర్చంతా చప్పట్లు. నేను ఒక్కణ్ణే, ఎవరో రైలెక్కుతూ చేతికిచ్చి మరిచిపోయిన బిడ్డలా, గుమ్మడికాయను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

సాయంత్రం పంతులుగారింట్లో చాయ కాగింది. పిలుపు మాత్రం బషీరాబాద్‌కు అందింది.

"సదువు ఎక్కువాయె కొడుకా, సోయి తక్కువాయె," అంది మా అమ్మ. ఆ కాయను గడప దాటనివ్వలేదు. వికారాబాద్ బండిలో ఒకామె దాన్ని తట్టి చూసి, "ఎంతకిస్తవ్ బాబూ?" అని అడిగింది. పదకొండన్నాను. ఆమె నా పక్క నుంచి లేచి దూరంగా కూర్చుంది.

మరుసటి ఆదివారం కాయను మళ్లీ తాండూరు మోశాను. "అమ్మినదాన్ని మల్ల ఎట్ల తీస్కుంటం నాయనా?" అన్నారు అయ్యగారు. పంతులుగారు ఇంకా మర్యాదగా అన్నారు. "దేవునికిచ్చింది మల్ల మా ఇంట్లకు రాదు బాబూ." అంతకుముందు ఆయన నన్ను పేరు పెట్టి పిలిచేవారు.

చర్చి బయట సుగుణ ఆగింది. నా సంకలోని కాయను చూసి నవ్వబోయి మానుకుంది.

"దేనికి పట్కపోయినవ్?"

"ఇంకొకరి చేతికి పోతదని భయమైంది."

"పోనియ్యాలె. పోతెనే గద నువ్వు మల్ల చెయ్యి లేపేది. నువ్వు ఓడినా మంచిగనే ఉంటుండె. నేను సూసెతందుకు కూసున్నది నీ చెయ్యిని, గుమ్మడికాయను కాదు."

ఆ మాటకు జవాబు నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం, "లోపలి జేబులో డబ్బులున్నాయి," అన్నాను. ఆమె నా చొక్కా వంక చూసి, వెళ్లిపోయింది.

గుమ్మడికాయ గట్టిది, వేసవి దాకా నా గదిలో మూలన కూర్చుంది. కోయలేను, పారేయలేను. సుగుణ పెళ్లి బషీరాబాద్ కంపౌండరుతో జరిగిన రోజు, భోజనానికి వెళ్లే ధైర్యం లేక, దాన్ని కోసి పులుసు పెట్టుకున్నాను. చెడిపోయి ఉంటే బాగుండేది. తేనెలా ఉంది.

కనుక, ఓవర్సీరునైన నేను, పూర్తి స్పృహతో, ఎవరి ఒత్తిడీ లేకుండా చేస్తున్న ప్రమాణం ఏమనగా: ఒకటి, దేవునితో లెక్క తేలిందని బతికుండగా అనను. రెండు, చొక్కాకు ఒకే జేబు కుట్టించుకుంటాను. మూడు, కోతపండుగనాడు నేను పాడుకున్న దేన్నీ ఇంటికి తీసుకుపోను. మొదటి రెండింటికీ కొంచెం కష్టపడుతున్నాను. మూడోదానికి ఏ కష్టమూ లేదు. ఇంటికి తెచ్చుకోవాలనిపించేది ఆ తర్వాత ఏ పండుగలోనూ పాటకు రాలేదు.