సూపర్ మేడమ్

నిన్న పొద్దున కాఫీ తాగుతూ ఫొటోలు తీసే మా పాత స్నేహితుల వాట్సాప్ గుంపులోకి ఒక ఫొటో పంపాను. అరగంట తిరక్కుండానే ఫోన్ నిండా చప్పట్లూ పువ్వులూ వచ్చి పడ్డాయి. నాకు మాత్రం కాఫీ చేదెక్కింది, ఎందుకంటే మెచ్చుకుంటే అనుమానించడం హిమాయత్ సాగర్ కట్ట మీద నాకు అంటుకున్న జబ్బు.

శంషాబాద్‌లో విమానాశ్రయం కొత్తగా మొదలైన రోజులవి. మావారి ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి అక్కడ కాపురం పెట్టాం. ఆదివారం పొద్దున్నే ఫొటోల పిచ్చివాళ్లం కొందరం కట్ట మీద చేరి, ఎవరు తీసిన మనుషుల ఫొటోలు వాళ్లు తువ్వాలు మీద పరిచి, గాలికి ఎగరకుండా రాళ్లు పెట్టేవాళ్లం. అందరూ తప్పొప్పులు చెప్పేదాకా తీసినవాళ్లు నోరు మెదపకూడదు. మాలో పెద్ద, పక్కనే తొండుపల్లిలో స్టూడియో నడిపే అన్న. నాతోపాటు వచ్చే మా మరిది ఫొటోలను ఉతికి ఆరేసే ఆ మనిషి, నా దగ్గరికొచ్చేసరికి "మంచిగుంది మేడమ్" అని పక్కదానికి జరిగేవాడు. ఆ వెనక అందరిదీ అదే పాట.

ఆడమనిషినని జాలా, మావారి ఉద్యోగం చూసి మొహమాటమా, లేక నేను స్టూడియో పెడితే తనకు పోటీ అని తప్పులు దాచిపెడుతున్నాడా? ఆడవాళ్లకూ పిల్లలకూ ఫొటోలు తీసే దుకాణం కోసం అప్పటికే ఒక గది కిరాయికి మాట్లాడుకున్నాం. నాకు పని వచ్చో రాదో తేలకుండా అందులో అడుగు పెట్టడమెలా?

అందుకే ఒక ఆదివారం, రోడ్డు పక్కన మొక్కజొన్న కంకులు కాల్చే అవ్వను నేను తీసిన ఫొటోను మరిది ఫొటోల్లో కలిపేశాను. అతను నోరు విప్పే పని లేదు గదా.

"ఏంది తమ్మీ గిట్ల తీసినవ్? నవ్వుమని నువ్వే అన్నవ్ గదా, పెదాలు నవ్వుతున్నయ్, కండ్లు నవ్వుతలేవు. మిట్టమధ్యాహ్నం తీస్తే మొఖం మీద చీకటి పడదా? ఆమె బతుకంత చేతులల్లనే ఉంది, గవే ఫొటోల రాకుంట కోసేస్తివి. ఇగ మల్ల పో. పొద్దుగూకంగ, కంకి కాలుస్తుంటె తియ్యి."

ఒళ్లు మండింది, ఆ వెంటనే పట్టరాని సంతోషమూ కలిగింది. నియమం తప్పి, అది నాదని చెప్పేశాను. అన్న తల గోక్కున్నాడు.

"జర ముందుగాల చెప్పొద్దా అక్కా! తిడితే మల్ల రావని బుగులైంది."

ఆ భయం మాటనూ నేను పూర్తిగా నమ్మలేదు గానీ, తిట్టును నమ్మాను. పొద్దుగూకే వేళ మళ్లీ వెళ్లి, నవ్వమనకుండా, చేతులతో సహా తీసుకొచ్చాను. ఆయన చాలాసేపు చూసి, ఇప్పుడొచ్చింది అవ్వ అన్నాడు. ఆ ధైర్యంతోనే గది తీసుకున్నాను. అప్పట్నుంచి ఆయన నోట నేను అక్కనే, ప్రతి ఆదివారం నాకూ అక్షింతలే.

ఇప్పుడు ఆయన స్టూడియో మూసేశాడు, మా ఆదివారాలు ఫోన్‌లో గుంపుగా మిగిలాయి, కట్ట మీద ఎవరి ఫొటో వాళ్లే తీసుకుని ఎవరికి వాళ్లే మురిసిపోతున్నారు. నెలల తరబడి పొగడ్తలు తప్ప మరేమీ వినక, నిన్న కావాలనే ఒక పాడు ఫొటో పంపాను. మనవరాలిని మండుటెండలో నిలబెట్టి, నవ్వమని బతిమాలి, చేతులు కోసేసి తీసింది. అందరూ మెచ్చుకున్నారు. నేను ఎదురుచూసింది అన్న తిట్టు కోసమే.

సాయంత్రానికి వచ్చింది: "సూపర్ మేడమ్."

చూడకుండా రాశాడో, చూసి దయతలిచాడో తెలియదు. ఇన్నేళ్ల తర్వాత నన్ను మళ్లీ మేడమ్‌ని చేశాడని మాత్రం ఏడుపొచ్చింది.